కొండల నుంచి మైదానానికి: సోండ్రె నోర్‌హైమ్ జీవితం



ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి ఇవ్వవలసిందిగా మన సంఘ కార్యదర్శి గారు కోరారు. ఏ దేశభక్తుని గురించో, ఏ సంఘ సంస్కర్త గురించో రాస్తానని వారు అనుకుని ఉండవచ్చు. నేను ఎంచుకున్నది నార్వే దేశపు వడ్రంగిని. కాళ్ళకు చెక్క పలకలు కట్టుకుని మంచు కొండల మీద జారడంలో ఆయనను మించినవారు ఆ కాలంలో లేరు. మంచు ఎరుగని మనకు ఈయన ఎందుకని మీరు అడగవచ్చు. కారణం చివర మనవి చేస్తాను.

రెండేళ్ళ క్రితం వేసవిలో మా అబ్బాయి దగ్గరకు అమెరికా వెళ్ళాను. వాడి ఉద్యోగం మిన్నెసోటా రాష్ట్రంలో. నాలుగు రోజులు సెలవు దొరికితే పక్కనే ఉన్న ఉత్తర డకోటా రాష్ట్రానికి కారులో తీసుకువెళ్ళాడు. మైనాట్ అనే ఊళ్ళో, ఉత్తర ఐరోపా నుంచి వలస వచ్చినవారి జ్ఞాపకార్థం ఏర్పాటు చేసిన ఉద్యానవనం ఒకటి ఉంది. అందులో సోండ్రె నోర్‌హైమ్ విగ్రహం చూశాను. చుట్టూ కనుచూపు మేర బల్లపరుపు నేల. కొండ అన్నది లేని చోట కొండలు దిగే ఆటగాడికి విగ్రహం ఎందుకు పెట్టారా అని ఆశ్చర్యం వేసింది. తరువాత మా అబ్బాయి గ్రంథాలయం నుంచి తెచ్చి ఇచ్చిన పుస్తకాలు చదివి ఈయన కథ తెలుసుకున్నాను.

సోండ్రె 1825 జూన్ 10న నార్వేలోని టెలిమార్క్ ప్రాంతంలో, మోర్గెడాల్ అనే కొండలోయలో, ఓవర్బో అనే చిన్న కుటీరంలో పుట్టాడు. పసితనంలోనే తల్లి పోయింది. సొంత భూమి లేని కుటుంబం. ఆసామి పొలంలో గుడిసె వేసుకుని, అందుకు బదులుగా అతని పొలంలో పని చేసిపెట్టే పద్ధతి ఆ దేశంలో ఉండేది. మన పాలేర్ల, కౌలుదార్ల బతుకు తెలిసినవారికి ఇది వేరే వివరించనక్కర లేదు. నోర్‌హైమ్ అన్నది ఆయన కాపురమున్న చోటు పేరు. మనకు ఊరి పేరే ఇంటిపేరైనట్టు, వారికి ఉన్న చోటే ఇంటిపేరయ్యేది. 1854లో రన్నెయి అనే ఆమెను పెళ్ళాడాడు. సంతానం ఎక్కువ, రాబడి తక్కువ. వడ్రంగం చేసి, కూలికి వెళ్ళి సంసారం ఈడ్చాడు.

అక్కడ శీతకాలంలో మంచు మనిషి నడుములోతు పడుతుంది. పక్క ఇంటికి వెళ్ళాలన్నా స్కీలు అనే పొడుగాటి పలకలు పాదాలకు కట్టుకోక తప్పదు. వేల ఏళ్ళుగా అది ప్రయాణ సాధనమే గాని ఆట కాదు. సోండ్రెకు మాత్రం చిన్ననాటి నుంచీ అదే ప్రాణం. బడికి వెళ్ళే దారి కన్నా ఇంటి కప్పు మీద నుంచి మంచులోకి దూకడమే ఆయనకు ఇష్టంగా ఉండేదని అక్కడివారు నేటికీ చెప్పుకుంటారు. చేయవలసిన పని వదిలేసి కొండ ఎక్కేవాడని కూడా అంటారు. ఇంట్లో ఇల్లాలు ఏమనుకునేదో మనం ఊహించుకోవచ్చు.

ఆయన ప్రతిభ దూకడంలోనే లేదు, చేతిపనిలో కూడా ఉంది. అప్పటి స్కీలకు ముందు వేళ్ళ దగ్గర ఒక్క పట్టీ మాత్రమే ఉండేది. మడమ వదులుగా ఉండేది. వెనక పట్టీ లేని హవాయి చెప్పులతో బురదలో పరుగెత్తి చూడండి, చెప్పు ఒకవైపు, కాలు ఒకవైపు పోతాయి. గాలిలోకి ఎగిరినా, చురుకుగా మలుపు తిప్పినా స్కీ కాలి నుంచి ఊడిపోయేది. సోండ్రె చెట్ల వేళ్ళను, సన్నని కొమ్మలను నీళ్ళలో నానబెట్టి, తాడులా పేని, మడమ చుట్టూ తిప్పి కట్టాడు. మడమ పైకి లేవడానికి వీలుంటుంది, కాని పలక పాదాన్ని వదలదు. దాంతో కాలు ఎటు తిరిగితే స్కీ అటు తిరిగింది.

రెండో మార్పు పలకలోనే చేశాడు. నిడివి తగ్గించి, రెండు చివరల కన్నా నడుము దగ్గర సన్నగా చెక్కాడు. అటువంటి పలకను ఒక అంచు మీదకు వంచితే అది విల్లులా వంగి, తనంతట తానే వంకర దారి పడుతుంది. నేటికీ స్కీలను ఈ సూత్రం మీదే తయారు చేస్తున్నారు. కర్రను బ్రేకులా నేలకు నొక్కి ఆగే పాత అలవాటుతో ఆయనకు పని లేకపోయింది. కాలి మలుపుతోనే ఆగేవాడు. ఒక కాలు ముందుకు చాచి మోకాలు వంచి తిరిగే మలుపుకు ఆయన ప్రాంతం పేరున టెలిమార్క్ మలుపు అని పేరు వచ్చింది. స్లాలమ్ అనే మాట కూడా ఆ ప్రాంతపు యాసలోదే.

1868లో రాజధాని క్రిస్టియానియాలో, అంటే నేటి ఓస్లోలో, స్కీ పోటీలు జరిగాయి. సోండ్రెకు అప్పటికి 42 ఏళ్ళు. బండి ఖర్చులకు డబ్బు ఎక్కడిది? సుమారు 200 కిలోమీటర్లు స్కీల మీదే ప్రయాణం చేసి వెళ్ళాడని చెబుతారు. పోటీలో తన వయసులో సగం ఉన్న కుర్రవాళ్ళను దాటి మొదటి స్థానం పొందాడు. పట్నంవారు అంత తేలికగా ఎగరడం, కర్ర మోపకుండా మలుపు తిరగడం ఎన్నడూ చూడలేదు. ఆ రోజు నుంచి మోర్గెడాల్ పేరు దేశమంతా తెలిసింది. ఆయన ఒరవడిలో పెరిగిన ఆ లోయ కుర్రవాళ్ళు మిక్కెల్, టోర్యుస్ హెమ్మెస్ట్‌వైట్ అనే అన్నదమ్ములు తరువాత రాజధానిలో స్కీ బడి పెట్టి ఆ విద్య నేర్పారు.

గెలిచి వచ్చిన మనిషి మళ్ళీ అదే గుడిసెకు, అదే కూలికి చేరాడు. కీర్తి వచ్చింది గాని భూమి రాలేదు. అప్పటికే నార్వే నుంచి వేల కుటుంబాలు అమెరికాకు వలస పోతున్నాయి. సోండ్రె పిల్లలలో కొందరు ముందే వెళ్ళారు. 1884 మే నెలాఖరులో, 59వ ఏడు నిండడానికి పది రోజుల ముందు, భార్యతో, మిగిలిన పిల్లలతో ఆయన కూడా ప్రయాణం కట్టాడు. మనలో చాలామందిని 58 ఏళ్ళకు పూలదండ వేసి, శాలువా కప్పి ఇంటికి పంపారు. ఆయన ఆ వయసులో ఓడ ఎక్కి కొత్త దేశంలో మొదటి నుంచి సంసారం మొదలుపెట్టాడు.

మొదట మిన్నెసోటాలోను, తరువాత డకోటా మైదానంలోను స్థిరపడ్డారు. బతికినన్నాళ్ళూ లేని భూమి అక్కడ చేతికి వచ్చింది. కాని ఆ నేల మీద దిగడానికి ఒక్క కొండ లేదు. అయినా ఇంటి గుమ్మం పక్కన స్కీల జత ఎప్పుడూ నిలబెట్టి ఉంచేవాడని చెబుతారు. దైవభక్తి గలవాడు. ఇరుగుపొరుగుతో కలిసి అక్కడ చర్చి నిలబెట్టడంలో పాలుపంచుకున్నాడు. 1897 మార్చి 9న, 71వ ఏట కన్నుమూశాడు. డెన్‌బీ దగ్గర శ్మశానంలో పాతిపెట్టారు. సమాధి మీద పేరు చెక్కిన రాయి కూడా లేకుండా ఎన్నో దశాబ్దాలు గడిచిపోయాయి.

1952లో ఓస్లోలో శీతకాలపు ఒలింపిక్ క్రీడలు జరిగినప్పుడు జ్యోతిని ఎక్కడ వెలిగించాలన్న ప్రశ్న వచ్చింది. వారు గ్రీసుకు వెళ్ళలేదు. సోండ్రె పుట్టిన ఆ పేదింటి పొయ్యిలో జ్యోతి వెలిగించి, 94 మంది స్కీల మీద చేతులు మార్చుకుంటూ రాజధానికి తీసుకువెళ్ళారు. 1960లో అమెరికాలో జరిగిన క్రీడలకు కూడా జ్యోతి అక్కడి నుంచే వెళ్ళింది. గాలిలో పల్టీలు కొడుతూ, మిట్టపల్లాల మీద గంతులు వేస్తూ చేసే ఫ్రీస్టయిల్ స్కీయింగు 1992లో ఒలింపిక్ పతకాల ఆట అయింది. నేడు దానిని వృత్తిగా చేసుకుని జీవించేవారు ఉన్నారు. ఇంటి కప్పు మీద నుంచి దూకిన ఆ కుర్రవాడు వారందరికీ పెద్దన్న వంటివాడని నా అభిప్రాయం. ఆ దూకుళ్ళతో ఆయన తన సంసారాన్ని మాత్రం గట్టెక్కించలేకపోయాడు.

ఇక ఈయన గురించే ఎందుకు రాశానో చెబుతాను. మా ఆవిడ పోయిన తరువాత నేను ఒంటరిగా ఉంటున్న సంగతి మీకు తెలుసు. ఇల్లు అమ్మేసి శాశ్వతంగా తమ దగ్గరకు వచ్చేయమని మా అబ్బాయి, కోడలు పట్టుబడుతున్నారు. వాళ్ళ ప్రేమలో లోపం లేదు. పీఎఫ్ అప్పు తీసి, ఇటుక ఇటుకా లెక్క చూసుకుని కట్టుకున్న ఇల్లు ఇది. అక్కడ నాకు తిండికి, వైద్యానికి కొరత ఉండదు. నా భయం వేరు. అక్కడ నేనెవరో ఎరిగినవారు ఒక్కరూ ఉండరు. పొద్దున నడకకు వెళితే పేరు పెట్టి పలకరించేవారు ఉండరు.

ఆ మైదానంలో విగ్రహం ముందు నిలబడినప్పుడు నాకు ఈ దిగులే కలిగింది. దేశమంతా పేరున్న మనిషే అక్కడ పేరులేని సమాధిలో పడుకున్నాడు కదా అనుకున్నాను. తరువాత ఇంకో సంగతి తోచింది. ఆయన అక్కడ గోడకు చేరగిలబడి కూర్చోలేదు. పొలం చేశాడు, ప్రార్థనకు నలుగురిని కూడగట్టాడు. స్కీలు గుమ్మం దగ్గరే ఉంచుకున్నాడు. పాతదాన్ని వదలకుండానే కొత్తచోట కాలు మోపాడు.

అందుచేత మా అబ్బాయికి ఉత్తరం రాశాను. ఇల్లు ఇప్పుడే అమ్మను. ఈ వేసవికి వచ్చి ఆరు నెలలు ఉంటాను. మనవడికి తెలుగు అక్షరాలు దిద్దిస్తాను. నవంబరుకు తిరిగి వచ్చి లైఫ్ సర్టిఫికెట్ నా చేతులతోనే ఇస్తాను. ఆ తరువాత సంగతి ఆరోగ్యాన్ని బట్టి చూద్దాం. ఇంటి తాళం చెవి మన కోశాధికారి గారి దగ్గర ఉంచి వెళుతున్నాను. పెరట్లో కరివేపాకు ఎవరికి కావలసినా నిరభ్యంతరంగా కోసుకోవచ్చు.

సెలవు.