గిరీంద్రశేఖర బోసు

దేహమునకు జ్వరము వచ్చినచో మనము వైద్యుని యొద్దకు పరుగెత్తుదుము. మనస్సునకు వ్యాధి కలిగినచో ఇంటిలోనే దాచుదుము. లేదా గాలి సోకినదని భూతవైద్యుని పిలుతుము. వానలు తప్పి, పైరెండి, అప్పు మిగిలిన యేట మన తాడిపత్రి సీమలో లోలోపల కుమిలిపోవువారు ఎందరో కలరు. అట్టివారి మాటను ఓపికతో వినుట వైద్యములో ఒక భాగమని మన దేశమున చాటిన మహనీయుడు గిరీంద్రశేఖర బోసు.

ఈయన వంగీయ కుటుంబమున 1887వ సంవత్సరము జనవరి 30వ తేదీన జన్మించెను. 1910లో కలకత్తాలో వైద్యపట్టము పొంది చికిత్స నారంభించెను. మనోవ్యాధిగ్రస్తులకు తొలుత హిప్నాటిజమను కృత్రిమ నిద్రతో చికిత్స చేసెను. పిమ్మట రోగిచేతనే తన మనస్సులోని సంగతులు నిస్సంకోచముగా చెప్పించు మనోవిశ్లేషణ పద్ధతిని చేపట్టెను. తనకు తెలిసినది చాలదని గ్రహించి, వైద్యుడై యుండియు మరల విద్యార్థియై, 1917లో మనశ్శాస్త్రమున పట్టము పొందెను. 1921లో డాక్టరు బిరుదము నందెను.

మరుసటి యేడు తన గృహముననే భారతీయ మనోవిశ్లేషణ సంఘమును స్థాపించెను. వియన్నా నగరవాసియగు ఫ్రాయిడు పండితునితో చాలకాలము ఉత్తరప్రత్యుత్తరములు జరిపెను. ఆ పండితుని డెబ్బది యైదవ జన్మదినమునకు, 1931లో, ఈ సంఘమువారు దంతపు విష్ణుమూర్తి ప్రతిమను కానుకగా పంపిరి. ఇంత గౌరవమున్నను బోసు తన అనుభవమును విడిచి గురువాక్యమునకు తలయొగ్గలేదు. ప్రతి కోరికవెంటను దానికి విరుద్ధమైన కోరిక యొకటి దాగియుండుననియు, కొట్టగోరువానిలో దెబ్బతిను కోరికయు మరుగున నుండుననియు, దానిని వెలికితెచ్చినచో వ్యాధి శమించుననియు ఆయన సిద్ధాంతము. పాశ్చాత్యశాస్త్రముతోపాటు భగవద్గీతను, యోగసూత్రములను, పురాణములను కూడ శ్రద్ధతో పరిశీలించెను.

ఆయన విద్య గ్రంథములలోనే నిలిచిపోలేదు. 1933లో కలకత్తాలోని కార్మైకేలు వైద్యకళాశాల ఆసుపత్రియందు మనోరోగులకు ప్రత్యేక చికిత్సాశాలను తెరచెను. రోగులు తక్కినవారివలెనే వచ్చి, చూపించుకొని, ఇంటికి మరలిపోవుచుండిరి. 1940లో, అన్న రాజశేఖర బోసు ఇచ్చిన స్థలమున, లుంబినీ పార్కు ఆసుపత్రి వెలసెను. 1953వ సంవత్సరము జూన్ 3వ తేదీన గిరీంద్రశేఖరుడు దివంగతుడాయెను.

బాలబాలికలారా! మీ తోడివాడు ఆటలు మాని మూల కూర్చున్నచో పరిహసింపకుడు; ప్రక్కన కూర్చుండి అతని మాట వినుడు. తల్లిదండ్రులారా! మీ బిడ్డ మనోవ్యధను సిగ్గుగా నెంచి దాచకుడు; జ్వరమునకువలెనే దీనికిని వైద్యుని యొద్దకు కొనిపొండు. గిరీంద్రశేఖరుని జీవితము మనకు నేర్పు పాఠ మిదియే.