దుర్గాబాయి దేశ్‌ముఖ్

దుర్గాబాయి దేశ్‌ముఖ్ (జూలై 15, 1909 - మే 9, 1981) స్వాతంత్ర్య సమరయోధురాలు, న్యాయవాది, సంఘ సేవకురాలు, భారత రాజ్యాంగ సభ సభ్యురాలు. ఆంధ్ర మహిళా సభ వ్యవస్థాపకురాలిగా తెలుగువారికి సుపరిచితురాలు. ఉప్పు సత్యాగ్రహంలోనూ, రాజ్యాంగ రచనలోనూ ఆమె పాత్ర గురించి చాలామంది వ్రాశారు. చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలు నర్సులుగా, మంత్రసానులుగా, ఆరోగ్య సందర్శకులుగా మారడానికి ఆమె వేసిన దారి మాత్రం అంతగా ప్రస్తావనకు రాదు. ఆమె వైద్యురాలు కాదు, నర్సు కాదు. అయినా స్వతంత్ర భారతదేశంలో నర్సింగ్ విద్య చరిత్ర చెప్పుకునేటప్పుడు ఆమె పేరు విడిచిపెట్టడానికి వీలు లేదు.

బాల్యం

దుర్గాబాయి రాజమండ్రిలో రామారావు, కృష్ణవేణమ్మ దంపతులకు జన్మించింది. పెరిగింది కాకినాడలో. ఎనిమిదేళ్ళ వయసులో ఆమెకు వివాహం జరిగింది. ఊహ తెలిసిన తరువాత ఆ బంధంలో కొనసాగడానికి ఆమె ఇష్టపడలేదు. ఈ నిర్ణయంలో తండ్రి, సోదరుడు ఆమెకు అండగా నిలిచారు. పాఠశాలలో ఆంగ్ల మాధ్యమాన్ని నిరసిస్తూ చిన్న వయసులోనే బడి మానివేసింది. హిందీ నేర్చుకొని, కాకినాడలో బాలికల కోసం హిందీ పాఠశాల నడిపింది.

1921లో గాంధీజీ కాకినాడ వచ్చినపుడు దేవదాసీలు, ముస్లిం స్త్రీలు ఆయనను కలుసుకొనేలా సభ ఏర్పాటు చేయాలని ఆమె పట్టుబట్టింది. అందుకు స్థానిక నాయకులు అడిగిన 5,000 రూపాయల విరాళాన్ని సేకరించి ఇచ్చింది. అప్పటికి ఆమెకు పన్నెండేళ్ళు కూడా నిండలేదు. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభల సందర్భంగా జరిగిన ఖాదీ ప్రదర్శన వద్ద, టిక్కెట్టు లేదన్న కారణంతో జవహర్‌లాల్ నెహ్రూను లోపలికి వెళ్ళనీయకుండా ఆపిన స్వయంసేవిక కూడా ఆమే.

జైలు జీవితం, చదువు

1930లో మద్రాసులో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని అరెస్టయింది. ఆ తరువాతి సంవత్సరాలలో మరల మరల జైలుకు వెళ్ళవలసి వచ్చింది. మదురై జైలులో ఏకాంత నిర్బంధం వల్ల ఆమె ఆరోగ్యం బాగా దెబ్బతిన్నది. వెల్లూరు జైలులో తోటి ఖైదీలుగా ఉన్న స్త్రీలలో చాలామందికి తమకు ఏ నేరానికి శిక్ష పడిందో కూడా తెలియదు. కాగితం మీద ఏమి వ్రాసి ఉన్నదో చదవలేని స్థితి వారిది. న్యాయశాస్త్రం చదవాలన్న కోరిక దుర్గాబాయికి అక్కడే కలిగింది.

కానీ అప్పటికి ఆమె చేతిలో మెట్రిక్యులేషన్ కూడా లేదు. ఇరవై ఏళ్ళు దాటిన తరువాత ఇంటి వద్దనే చదివి బనారస్ విశ్వవిద్యాలయం వారి మెట్రిక్యులేషన్ పరీక్ష ఉత్తీర్ణురాలయింది. బనారస్‌లో స్త్రీలకు రాజనీతి శాస్త్రంలో బి.ఏ. చదివే అవకాశం లభించకపోవడంతో వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరింది. తరువాత 1942లో మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా పొందింది. వయసు మీరిన తరువాత, బడికి వెళ్ళకుండా, ఒక్క పరీక్ష దాటి ముందుకు సాగిన ఈ అనుభవమే తరువాతి కాలంలో ఆమె చేపట్టిన పథకాలకు మూలమని చెప్పవచ్చు.

ఆంధ్ర మహిళా సభ

1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ ఏర్పడింది. మొదట్లో మైలాపూరు పరిసరాలలోని తెలుగు స్త్రీలను బనారస్ మెట్రిక్యులేషన్‌కు తయారుచేయడం ఈ సంస్థ ముఖ్యమైన పని. విద్యార్థినులలో చదువు ఆగిపోయిన గృహిణులు, వితంతువులు, భర్త విడిచిపెట్టిన వారు ఉండేవారు. పరీక్ష గట్టెక్కిన తరువాత వారికి ఏదో ఒక ఉపాధి చూపవలసి వచ్చేది. ఆనాడు స్త్రీలకు గౌరవంగా జీతం ఇచ్చే వృత్తులు ప్రధానంగా రెండే: ఉపాధ్యాయ వృత్తి, నర్సు వృత్తి. క్రమంగా సభకు ఆసుపత్రి, ప్రసూతి సేవలు, నర్సులకు, మంత్రసానులకు శిక్షణ, వృత్తి విద్యా కేంద్రాలు సమకూరాయి. మద్రాసు అడయారులోని ఆసుపత్రి తరువాతి కాలంలో దుర్గాబాయి పేరు పొందింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. తెలుగు ప్రాంతాలలో నర్సింగ్ శిక్షణ మిషనరీ ఆసుపత్రులతో మొదలయింది. గుంటూరులో అన్నా కుగ్లర్ స్థాపించిన ఆసుపత్రి వీటిలో ప్రసిద్ధమైనది. అందువలన నర్సు ఉద్యోగం క్రైస్తవ కుటుంబాల అమ్మాయిలదే అన్న అభిప్రాయం ఇతరులలో బలంగా ఉండేది. పరాయి పురుషులను తాకవలసిన పని, రాత్రి విధులు అన్న కారణాలతో చాలా కుటుంబాలు అందుకు ఒప్పుకునేవి కావు. ఒక మహిళా సంస్థ, అందులోనూ గాంధేయవాదులు నడిపే సంస్థ, ఆ శిక్షణను చేపట్టడం ఈ సంకోచాన్ని కొంత తగ్గించింది.

దేశంలో నర్సుల కొరత

1946లో వెలువడిన భోర్ కమిటీ నివేదిక ప్రకారం బ్రిటిష్ ఇండియాలో సుమారు 7,000 మంది నర్సులు మాత్రమే ఉన్నారు. అంటే 43,000 మంది జనాభాకు ఒక నర్సు. వైద్యుల పరిస్థితి కూడా బాగాలేదు కానీ, ఇంత హీనంగా లేదు: 6,300 మందికి ఒక వైద్యుడు. మిడిల్ స్కూలు చదివిన వారికి రెండేళ్ళ శిక్షణ, మెట్రిక్యులేషన్ చదివిన వారికి మూడేళ్ళ శిక్షణ, ఆపైన విశ్వవిద్యాలయ స్థాయి కోర్సు ఉండాలని ఆ కమిటీ సూచించింది. అదే సంవత్సరం ఢిల్లీ, వెల్లూరులలో నర్సింగ్ పట్టభద్ర కోర్సులు ప్రారంభమయ్యాయి. 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. 1950ల ప్రారంభంలో ఏ.ఎన్.ఎం. శిక్షణ మొదలయింది.

కోర్సులు ఏర్పడినా చేరేవారు ఎక్కడ? 1951 జనాభా లెక్కల ప్రకారం స్త్రీల అక్షరాస్యత 9 శాతానికి లోపే. ఏ.ఎన్.ఎం.కు కావలసిన ఏడు, ఎనిమిది తరగతులు చదివిన అమ్మాయిలు పల్లెలలో దొరకడం కష్టం. దొరికినా అప్పటికే పెళ్ళి అయి ఉండేది. పట్టణాలలో చదువుకున్నవారు పల్లెలకు వెళ్ళడానికి ఇష్టపడేవారు కాదు.

సంక్షిప్త విద్యా కోర్సులు

దుర్గాబాయి 1946లో రాజ్యాంగ సభకు ఎన్నికయింది. అధ్యక్ష స్థానంలో కూర్చోవడానికి ఎంపికైన సభ్యుల జాబితాలో ఆమె ఒక్కతే స్త్రీ. 1952 ఎన్నికలలో గెలవలేదు. అదే సంవత్సరం ప్రణాళికా సంఘం సభ్యురాలిగా నియమించబడింది. 1953 జనవరి 22న అప్పటి కేంద్ర ఆర్థిక మంత్రి, రిజర్వు బ్యాంకు తొలి భారతీయ గవర్నరు అయిన చింతామన్ ద్వారకానాథ్ దేశ్‌ముఖ్‌ను వివాహం చేసుకుంది. ఆ ఏడాది ఆగస్టులో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలు అయింది.

బోర్డు 1954 నుండి గ్రామాలలో సంక్షేమ విస్తరణ ప్రాజెక్టులు ప్రారంభించింది. ప్రతి ప్రాజెక్టుకు గ్రామసేవికలు, మంత్రసానులు, బాలవాడి కార్యకర్తలు కావాలి. డబ్బు ఉంది, పోస్టులు ఉన్నాయి, అర్హత గల స్త్రీలు మాత్రం లేరు. ఈ చిక్కును విడదీయడానికి దుర్గాబాయి మైలాపూరు అనుభవాన్ని దేశవ్యాప్త పథకంగా మార్చింది. 1958లో బోర్డు వయోజన స్త్రీల కోసం సంక్షిప్త విద్యా కోర్సులు ప్రారంభించింది.

పథకం చాలా సరళమైనది. కొద్దిపాటి చదువు ఉన్న స్త్రీలను చిన్న తరగతులుగా చేర్చి, రెండేళ్ళలో మిడిల్ లేదా మెట్రిక్యులేషన్ పరీక్షకు తయారుచేస్తారు. బోధన స్వచ్ఛంద సంస్థలది, గ్రాంటు బోర్డుది. పరీక్ష తప్పినవారి కోసం తరువాత ఒక సంవత్సరం కోర్సు కూడా చేర్చబడింది. ఉత్తీర్ణులైనవారు నర్సు, ఏ.ఎన్.ఎం., మంత్రసాని, ఆరోగ్య సందర్శకురాలు, ఉపాధ్యాయిని, గ్రామసేవిక శిక్షణలకు అర్హులవుతారు. అంటే ఈ కోర్సు స్వయంగా ఎవరినీ నర్సును చేయలేదు. నర్సింగ్ పాఠశాల గడప వరకు తీసుకువెళ్ళింది.

ఈ పథకానికి ఒక పరిమితి కూడా ఉంది. ఎనిమిదో తరగతి అర్హతతో ఏ.ఎన్.ఎం. అయిన స్త్రీకి పై మెట్టు ఆరోగ్య సందర్శకురాలి పదవి. జి.ఎన్.ఎం. చదివి స్టాఫ్ నర్సు కావాలంటే మరల మెట్రిక్యులేషన్ కావాలి. వితంతువుకు, ఒంటరి స్త్రీకి జీతం, నివాసం దొరికాయి, నిజమే. కానీ పల్లెలో ఒంటరిగా పనిచేసే చిన్న ఉద్యోగిని భద్రత, హోదా సమస్యలు అలాగే మిగిలాయి. అర్హతను తగ్గించకుండా అభ్యర్థిని పైకి తేవాలన్నది దుర్గాబాయి పద్ధతి. మెట్రిక్యులేషన్ దాకా చదివించగలిగిన చోట అది పూర్తిగా ఫలించింది, మిడిల్ స్కూలుతో ఆగిన చోట సగమే ఫలించింది.

1958లో ప్రభుత్వం నియమించిన జాతీయ మహిళా విద్యా కమిటీకి కూడా ఆమె అధ్యక్షత వహించింది. 1959లో సమర్పించిన ఆ కమిటీ నివేదికలో వయోజన స్త్రీలకు ఇటువంటి కోర్సుల అవసరం గుర్తించబడింది.

తరువాతి మార్పులు

1973 నాటి కర్తార్ సింగ్ కమిటీ సిఫారసులతో ఏ.ఎన్.ఎం.లు బహుళార్థ ఆరోగ్య కార్యకర్తలుగా మారారు. క్రమంగా ప్రవేశ అర్హత పదవ తరగతికి, ఆపైన ఇంటర్మీడియట్‌కు పెరిగింది. ప్రస్తుతం జి.ఎన్.ఎం. మూడేళ్ళు, బి.ఎస్‌సి. నర్సింగ్ నాలుగేళ్ళు. జి.ఎన్.ఎం. చదివినవారు రెండేళ్ళ పోస్ట్ బేసిక్ కోర్సు ద్వారా పట్టభద్రులై, ఎం.ఎస్‌సి. చేసి బోధనలోకి వెళ్ళవచ్చు. ఉద్యోగం చేయడానికి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదు తప్పనిసరి. దుర్గాబాయి కాలంలో కరువైన పై మెట్లు ఈనాడు ఉన్నాయి. ఆనాడు ఎనిమిదో తరగతి దగ్గర ఉన్న అడ్డంకి ఈనాడు ఇంటర్మీడియట్ సైన్సు సీటు దగ్గరకు, ఫీజుల దగ్గరకు జరిగింది.

చివరి సంవత్సరాలు

దుర్గాబాయి దంపతులు 1960ల చివరలో హైదరాబాదులో స్థిరపడ్డారు. ఆంధ్ర మహిళా సభ కార్యక్రమాలు అక్కడ కూడా విస్తరించాయి. మహిళా కళాశాల, సాక్షరతా భవనం, విద్యానగర్‌లో ఆసుపత్రి వీటిలో ముఖ్యమైనవి. ఆ ప్రాంతంలోని డి.డి. కాలనీ అన్న పేరు ఆమెదే, అయితే పూర్తి పేరు తెలియకుండానే చాలామంది అలా పిలుస్తుంటారు.

ఆమెకు 1971లో నెహ్రూ అక్షరాస్యతా పురస్కారం, 1975లో పద్మవిభూషణ్ లభించాయి. దేశ్‌ముఖ్‌కు కూడా అదే సంవత్సరం పద్మవిభూషణ్ ఇచ్చారు. దంపతుల జీవితం గురించి ఆమె ఆంగ్లంలో ఒక పుస్తకం, ఆంధ్ర మహిళా సభ చరిత్ర గురించి మరొకటి వ్రాసింది. 1981 మే 9న ఆమె మరణించింది.