మొదటి సవరణ కర్త మాడిసన్

అమెరికా నాలుగవ అధ్యక్షులు జేమ్స్ మాడిసన్ 1751లో వర్జీనియాలో జన్మించారు. ఆయన యౌవనంలో అక్కడ ఆంగ్లికన్ చర్చిదే అధికార మతం. అనుమతి లేక ప్రబోధించిన బాప్టిస్టులను పొరుగు కౌంటీ చెరసాలలో ఉంచడం ఆయనను కలచివేసింది. 1776లో వర్జీనియా హక్కుల ప్రకటన ముసాయిదా అన్యమతాల పట్ల సహనం చూపుమని మాత్రమే పలికింది. ఇరవై అయిదేండ్ల మాడిసన్‌కు అది చాలలేదు. నేడు సహించినవారు రేపు సహించకపోవచ్చు గదా! ఆయన చొరవతో మతాచరణ అందరికీ సమాన హక్కయింది.

దేశ రాజ్యాంగానికి హక్కుల పట్టిక అనవసరమని మొదట తలచిన ఆయనే, ఎన్నికల వేళ బాప్టిస్టులకు మాట ఇచ్చి, 1789 జూన్ 8న ప్రతినిధుల సభలో సవరణలు ప్రతిపాదించారు. మతానికి, వాక్కుకు, పత్రికలకు రక్షణనిచ్చే మొదటి సవరణ 1791 డిసెంబరు 15న ఆమోదం పొందింది. సంపాదకులను జైళ్లకు పంపిన 1798 నాటి చట్టాన్ని కూడా ఆయన ఎదిరించారు. అయితే ఆయన పొలాలు దున్నినది బానిసలు. 1836లో ఆయన కన్నుమూసే నాటికీ వారికి విముక్తి లభించలేదు.