ఉడుతలను చూసినా సరే

1919 ఫిబ్రవరిలో విశ్వకవి రవీంద్రనాథ్ ఠాగూర్ మన మదనపల్లె కళాశాలలో కొద్దిరోజులు విశ్రాంతి తీసుకున్నారు. జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించింది అప్పుడే. ఈ సంగతి మీకు తెలిసిందే. ఆయన మౌనం గురించి తెలిసినవారు తక్కువ.

1861లో కలకత్తాలో పుట్టిన ఆయనకు ఎప్పుడూ చేతినిండా పనే. 1901లో శాంతినికేతన్‌లో బడి పెట్టారు. డబ్బుకు కటకట. 1902లో భార్య, మరుసటి ఏడు కూతురు, 1907లో చిన్నకొడుకు కన్నుమూశారు. బడి మాత్రం మూయలేదు. తెల్లవారకముందే లేచి మౌనంగా కూర్చోవడం ఆయన అలవాటు. 1941లో మరణించారు.

బడిపిల్లలకూ ఉదయం, సాయంత్రం పావుగంట మౌనం పెట్టారు. దేవుణ్ణి తలచుకోకుండా చెట్టుమీది ఉడుతలను చూస్తున్నా సరే, నిశ్శబ్దంగా కూర్చుంటే చాలన్నారు. నాకు బాగా నచ్చింది ఇదే. సాయంకాల ప్రార్థనలో పిల్లవాడు దిక్కులు చూస్తే మనం తొడపాశం పెడతాం! ఇక వాడికి ప్రార్థన అంటే తొడపాశమే గుర్తుంటుంది.

పుంగనూరు సంతకో, కుప్పంలో రైలుకో పరుగెత్తే తల్లిదండ్రులారా, మీకు పావుగంట దొరకదు, నిజమే. పొయ్యి వెలిగించకముందు ఐదు నిమిషాలు కూర్చోండి. మనసు అప్పులమీదికి పోతే విసుక్కోకుండా వెనక్కి పిలవండి. నాలుగు రోజులకే ఇంట్లో అరుపులు కాస్త తగ్గుతాయి. పిల్లల్నీ పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్ళు కిటికీలోంచి కాకిని చూస్తుంటే చూడనివ్వండి.