ఒకే రాత్రి మూడుసార్లు తట్టిన తలుపు



పెద్ద జబ్బు చేస్తే రాయవేలూరు తీసుకెళ్లమని చెప్పేవాళ్లు మన తెలుగు ఇళ్లలో ఇప్పటికీ ఉన్నారు. మీలో కొందరు చిత్తూరు మీదుగా అక్కడికి వెళ్లి వచ్చే ఉంటారు. ఆ సీఎంసీ ఆసుపత్రిని మొదలుపెట్టిన ఐడా స్కడర్ గురించి ఈ నెల మీ పిల్లలకు చెప్పండి.

ఐడా 1870లో రాణిపేటలో పుట్టింది. అమెరికా నుంచి వచ్చిన మిషనరీ డాక్టర్ల కుటుంబం వాళ్లది. తాతగారు డాక్టర్, నాన్నగారూ డాక్టరే. చిన్నప్పుడే కరువునూ ఆకలితో అలమటించే పిల్లలనూ చూసింది. అందుకే తాను మాత్రం మిషనరీ కాకూడదనీ, అమెరికాలో హాయిగా బతకాలనీ గట్టిగా అనుకుంది. చదువు కోసం అమెరికా వెళ్లింది. అమ్మకు ఒంట్లో బాగాలేదని 1890లో తిండివనం వచ్చింది, అదీ కొన్నాళ్లు ఉండి వెళ్లిపోదామనే.

ఒక రాత్రి ముగ్గురు మనుషులు ఒకరి తర్వాత ఒకరు వాళ్లింటి తలుపు తట్టారు. ముగ్గురి భార్యలూ పురిటి నొప్పులతో ప్రాణాపాయంలో ఉన్నారు. నాన్నగారు వస్తారని ఐడా చెప్పింది. మగ డాక్టర్ చేత చూపించడం తమ ఆచారం కాదని వాళ్లు వెళ్లిపోయారు. ఐడాకు వైద్యం రాదు. ఆ రాత్రి ఆమె నిద్రపోలేదు, ప్రార్థన చేస్తూ గడిపింది. తెల్లవారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారని తెలిసింది.

తనను దేవుడు పిలుస్తున్నది ఈ పనికేనని ఆమెకు అర్థమైంది. తన ఇష్టాన్ని పక్కన పెట్టి ఆయనకు లోబడింది. అయితే అక్కడితో ఆగలేదు. డాక్టర్ కావాలని నిర్ణయించుకుని మళ్లీ అమెరికా వెళ్లి, 1899లో కార్నెల్‌లో మెడిసిన్ పూర్తి చేసింది. 1900లో వేలూరులో ఒకే ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టింది. 1902లో 40 పడకల ఆసుపత్రి వచ్చింది. ఊళ్లకు వెళ్లి రోడ్డు పక్కన చెట్ల కింద రోగులను చూసింది. నర్సులకు శిక్షణ ఇచ్చింది.

తానొక్కతే ఎంతమందిని చూడగలదు? అందుకే 1918లో అమ్మాయిల కోసం మెడికల్ స్కూల్ తెరిచింది. అమ్మాయిలు పాసవుతారన్న నమ్మకం అధికారులకు లేదు. మొదటి ఏడాది పరీక్ష రాసిన 14 మందీ పాసయ్యారు! 1947 నుంచి అబ్బాయిలనూ చేర్చుకున్నారు. పెళ్లి చేసుకోకుండా జీవితమంతా ఈ పనికే ఇచ్చిన ఐడా 1960లో, 89 ఏళ్ల వయసులో కన్నుమూసింది.

మనం పిల్లలను ఏం అవుతావని రోజూ అడుగుతాం. ఎవరి కోసం అవుతావని అడగడం తక్కువ. ఐడాకు ఆ రెండో ప్రశ్నకు జవాబు ముందు దొరికింది, కష్టమైన చదువు ఆ తర్వాత వచ్చింది. సీటు, ర్యాంకు మాటలు ఎలాగూ ఉంటాయి. ఈ ఆదివారం భోజనాల దగ్గర మీ పాపనో బాబునో ఆ రెండో ప్రశ్న కూడా అడిగి చూడండి. వాళ్లు చెప్పే జవాబును తొందరపడకుండా వినండి.