అలన్ ట్యూరింగ్ (1912–1954)

మీరు పుస్తకం చదువుతుండగా ఎవరో తలుపు తట్టారనుకోండి. చదువుతున్న పుటలో గుర్తు పెట్టి లేస్తారు. తిరిగి వచ్చాక ఆ గుర్తు ఉన్నచోటి నుంచే చదువుతారు. కంప్యూటరుకు కూడా ఇలాంటి గుర్తు కావాలి. ఆ గుర్తు పెట్టే ఉపాయాన్ని తొలినాళ్ళలోనే చెప్పిన శాస్త్రవేత్త జీవితాన్ని ఈ పాఠంలో తెలుసుకుందాం.

బాల్యం

ట్యూరింగ్ 1912 జూన్ 23న లండనులో జన్మించారు. తండ్రి జూలియస్ మద్రాసు రాష్ట్రంలో ఐ.సి.ఎస్. అధికారి. పార్వతీపురం, అనంతపురం, బెజవాడ, కర్నూలు వంటి మన ఊళ్ళలో ఉద్యోగం చేశారు. తల్లిదండ్రులు ఇండియాలో ఉండగా అలన్, అన్న జాన్ ఇంగ్లండులో పరుల ఇంట పెరిగారు.

కృషి

ఆదేశాలు మారిస్తే చాలు, ఒకే యంత్రం రకరకాల లెక్కలు చేయగలదని 1936లో ఆయన నిరూపించారు. రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మనీవారి ఎనిగ్మా రహస్య సందేశాలను ఛేదించడంలో ముఖ్యపాత్ర వహించారు. 1945లో ఏ.సి.ఇ. అనే కంప్యూటరుకు పథకం రాశారు. యంత్రం పెద్ద పనిని మధ్యలో ఆపి చిన్న పనికి వెళ్ళేటప్పుడు, తిరిగి రావలసిన చోటును మెమరీలో పాతిపెట్టాలనీ, చిన్న పని ముగియగానే దాన్ని తవ్వి తీయాలనీ అందులో సూచించారు. పళ్ళేల దొంతరలో చివర పెట్టిన పళ్ళెమే ముందు చేతికి వస్తుంది కదా! ఇదీ అంతే. దీనినే నేడు స్టాక్ అంటున్నాం.

ఈ సూత్రం ఇప్పుడు ఎలా ఉపయోగపడుతున్నదో చూడండి. యూనిక్స్ వంటి వ్యవస్థలలో, నడుస్తున్న ప్రోగ్రాముకు హఠాత్తుగా సిగ్నల్ అందవచ్చు. అప్పుడు కెర్నల్ ప్రాసెసరు రిజిస్టర్లలోని విలువలను సాధారణంగా ఆ ప్రోగ్రాము స్టాకులోనే భద్రపరుస్తుంది. సిగ్నల్ పని ముగిశాక వాటిని మళ్ళీ రిజిస్టర్లలో నింపుతుంది. ఒక్క విలువ మారినా లెక్క తప్పవచ్చు. ట్యూరింగ్ దాచమన్నది తిరిగివచ్చే చోటును. కెర్నల్ దానితోపాటు మిగిలిన రిజిస్టర్లనూ దాస్తుంది.

చివరి రోజులు

పనుల జాప్యంతో విసిగి ఆయన 1948లో ఆ సంస్థను వదిలి మాంచెస్టరు వెళ్ళారు. ఏ.సి.ఇ. చిన్న నమూనా 1950లో పనిచేసింది. 1952లో, స్వలింగ సంబంధం అప్పటి చట్టం ప్రకారం నేరం కనుక, న్యాయస్థానం ఆయనను దోషిగా నిర్ణయించింది. జైలుకు బదులుగా హార్మోను చికిత్సకు ఒప్పుకోవలసి వచ్చింది. 1954 జూన్ 7న సయనైడ్ విషం వల్ల మరణించారు. విచారణ దానిని ఆత్మహత్యగా తేల్చింది. 2009లో బ్రిటిష్ ప్రధాని క్షమాపణ చెప్పారు. 2013లో రాణి క్షమాభిక్ష ప్రకటించారు. అప్పటికి ఆయన మరణించి 59 ఏళ్ళు గడిచాయి.

పాఠగత ప్రశ్నలు

1. స్టాకులో ఏ విలువ ముందుగా బయటికి వస్తుంది?
2. సిగ్నల్ అందినప్పుడు కెర్నల్ రిజిస్టర్లను ఎందుకు భద్రపరుస్తుంది?
3. ట్యూరింగ్‌కు జరిగిన అన్యాయం గురించి మీ మాటల్లో ఐదు వాక్యాలు రాయండి.