బాబూజీ – ఉమ్మడి నిధి

రాజ్‌ఘాట్ సమీపాన ఉన్న సమతాస్థల్‌లో ఏటా ఏప్రిల్ 5న నాయకులు పుష్పాంజలి ఘటిస్తారు. జగ్జీవన్‌రామ్ పేరు వినగానే పలువురికి 1971 యుద్ధకాలపు రక్షణమంత్రి, 1977లో కాంగ్రెస్‌ను వీడిన నాయకుడు గుర్తుకు వస్తారు. నాకు మాత్రం కార్మికుని జీతంలో నెలనెలా మినహాయించే చిన్న మొత్తం స్ఫురిస్తుంది.

1908లో బీహారులోని చాంద్వా గ్రామంలో, దళిత కుటుంబంలో ఆయన జన్మించారు. ఆరా పాఠశాలలో అస్పృశ్య విద్యార్థులకు వేరుగా పెట్టిన మంచినీటి కుండను ఆయన పగులగొట్టారు. మళ్లీ పెడితే మళ్లీ పగులగొట్టారు. చివరకు అందరికీ ఒకే కుండ మిగిలింది. ఆ విద్యార్థే 1946లో తాత్కాలిక ప్రభుత్వంలో కార్మిక శాఖను చేపట్టారు.

అంబేద్కర్ ఆ శాఖను నిర్వహించిన కాలంలో, 1944లో, బి.పి. ఆదర్కార్ సమర్పించిన ఆరోగ్య బీమా నివేదిక అప్పటికే సిద్ధంగా ఉంది. ఆ పునాదిపై 1948లో ఇ.ఎస్.ఐ. చట్టం వెలసింది, 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీలలో పథకం ఆరంభమైంది. యజమానీ కార్మికుడూ చెరికొంత చెల్లించాలి. చెల్లింపు వేతనాన్ని బట్టి, చికిత్స వ్యాధిని బట్టి. కనుక ఆ వైద్యం ఒకరి దయాభిక్ష కాదు, కార్మికుని హక్కు. 2019 జూలైలో యజమాని వాటాను వేతనంలో 3.25 శాతంగా, కార్మికుని వాటాను 0.75 శాతంగా నిర్ణయించారు.

1952లోనే భవిష్యనిధి చట్టం ఆరు పరిశ్రమలకు వర్తించింది. ఇరువురి వాటా చెరి 6.25 శాతం, అంటే రూపాయికి అణా. అయితే అది ఎవరి పొదుపు వారిదే. యజమాని వాటా నుంచి వేతనంలో 8.33 శాతాన్ని ఉమ్మడి పింఛను నిధికి మళ్లించింది 1995 పథకం. అప్పటికి బాబూజీ కన్నుమూసి తొమ్మిదేళ్లు.

ఆయన జీవితం మచ్చలేనిదని నేననను. 1975లో అత్యవసర పరిస్థితిని ఆమోదించే తీర్మానాన్ని లోక్‌సభలో ప్రతిపాదించింది ఆయనే. ఈ నిధికీ పెద్ద లోపమున్నది. వాటా వసూలుకు స్థిరమైన యజమాని, జీతాల రిజిస్టరు కావాలి. పొలాల్లో దినకూలీకి ఆ రెండూ లేవు. కనుక ఆయన పుట్టిన వర్గంలోని కోట్లాది వ్యవసాయ కార్మికులే ఈ ఉమ్మడి నిధికి వెలుపల ఉండిపోయారు.

ఏప్రిల్ 5 మన రెండు తెలుగు రాష్ట్రాలలోనూ సెలవు. ఆ ఒక్కరోజు పని మానినా కూలి పోగొట్టుకునే వారికి ఈ నిధిలో చోటు కల్పించడం ఎలాగో, పూలదండలు వేసే నాయకులు చెప్పవలసి ఉంది.